ఫోమ్ హెల్మెట్ చేశాను, నడినెత్తి అతుకు ఒక్కటే ఏడిపించింది

నిన్న రాత్రే ఆఖరి క్లియర్ కోటు (రంగు మీద వేసే పారదర్శకమైన పూత) కొట్టాను. గోళ్ళ సందుల్లో వెండి రంగు ఇంకా వదల్లేదు. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

నాటకంలో యోధుడి వేషానికి మెడదాకా వచ్చే హెల్మెట్ కావాలి. ఆకారం తేలిగ్గానే వచ్చింది. తలకి పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్టించుకుని, పైన మాస్కింగ్ టేప్ వేసి, గీతలు గీసి కోస్తే నమూనా తయారు. 6 మిల్లీమీటర్ల మందమున్న ఈవీఏ ఫోమ్ (చెప్పుల అడుగుకి వాడే రబ్బరులాంటి మెత్తటి షీటు) మీద దాన్ని కాస్త పెద్దదిగా గీసి కోశాను. హీట్ గన్‌తో వేడి చేసి మోకాలి మీద వంచితే, చల్లారాక ఆ వంపు అలాగే నిలిచిపోయింది. నడినెత్తి మీద కలిసే రెండు అంచులకీ రబ్బరు గమ్ రాసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక నొక్కాను. ఒక్క ఆదివారంలో హెల్మెట్ నిలబడింది.

ఆ తర్వాత 11 రోజులు పోయాయి.

వీడియోలు చేసేవాళ్ళ మీద నాకు నిజంగా కోపం. కోయడం, అతకడం అరగంట చూపిస్తారు. సాండ్‌పేపర్ పట్టడం మాత్రం పాట పెట్టి పది సెకన్లలో దాటేస్తారు. వాళ్ళని నమ్మి నేనూ కాసేపు రుద్ది, ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టి, వెండి రంగు వేసేశాను. రిహార్సల్‌లో దర్శకుడు దాన్ని అందరి ముందూ లైటు కిందకి తిప్పి, "ఏంటిది, తలకి కుట్లు వేసినట్టుంది?" అన్నారు. నిజమే. నుదుటి నుంచి మెడ దాకా అతుకు వెంట సన్నటి గట్టు. ట్యూబ్‌లైటు మెరుపు దాని దగ్గరికొచ్చి విరిగిపోతోంది. ఇంటికొచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మళ్ళీ రుద్దాను. గట్టు తగ్గకపోగా పెరిగింది! రెండు రోజులకి గానీ కారణం అర్థం కాలేదు. ఆరిన గమ్ సాగుతుంది, అరగదు. పక్కనున్న ఫోమ్ మాత్రం ఇట్టే అరిగిపోతుంది. రుద్దేకొద్దీ అటూ ఇటూ పల్లమై మధ్యలో గమ్ లేచి నిలబడుతుంది. పైగా నేను సాండ్‌పేపర్‌ని వేళ్ళతో పట్టుకుని రుద్దాను, వేళ్ళ ముద్రలు కూడా చాళ్ళలా పడ్డాయి.

ఎవరో చెప్పారని పైన తెల్ల ఫెవికాల్ నీళ్ళలో కలిపి నాలుగు పూతలు పూశాను. అంతవరకూ బాగానే ఉంది, ఫోమ్ గట్టిపడింది. నున్నగా వస్తుందని తడి సాండ్‌పేపర్ పట్టేసరికి పూత మెత్తబడి చిన్న చిన్న ఉండలుగా లేచొచ్చింది. ఆ జిగురు నీటిని పీలుస్తుందండీ. పొడిగానే రుద్దాలి. తడిపి రుద్దడం స్ప్రే ప్రైమర్ పూర్తిగా ఆరాకే.

చివరికి పనిచేసింది ఇది. గట్టుని కొత్త బ్లేడు పడుకోబెట్టి చెక్కేశాను. యాక్రిలిక్ పుట్టీని గీత మీద మాత్రమే కాకుండా అటూ ఇటూ రెండేసి వేళ్ళ వెడల్పున, చాలా పల్చగా లాగాను. పూర్తిగా ఆరాక చిన్న చెక్కముక్కకి 220 నంబరు సాండ్‌పేపర్ చుట్టి, దూరం నుంచి నల్ల స్ప్రే తుంపరలా చల్లి, అప్పుడు రుద్దాను. ఎత్తుగా ఉన్నచోట నలుపు పోతుంది, పల్లంలో మిగులుతుంది. మొదటిసారి నెత్తి మీద చిటికెన వేలంత నల్లచార మిగిలింది. మళ్ళీ పుట్టీ, మళ్ళీ నలుపు. మూడోసారికి ఒక్క చుక్క కూడా మిగల్లేదు. ఈ నల్ల తుంపర చిట్కా ముందే తెలిసుంటే నాకు వారం మిగిలేది. వెండి రంగు వేసేవాళ్ళు దీన్ని అస్సలు వదలొద్దు. మ్యాట్ రంగు దాచే లోపాలన్నీ మెరిసే రంగు బయటపెడుతుంది.

ఇంకో మాట, గట్టిగానే చెబుతున్నాను. రుద్దేటప్పుడు దుమ్ము మాస్కు, గమ్‌కీ స్ప్రేకీ తెరిచిన కిటికీలు, ఆవిరిని ఆపే మాస్కు ఉండాల్సిందే. మొదటి రోజు లెక్కచేయక రాత్రంతా తలనొప్పితో పడుకున్నాను.

తర్వాత ప్రైమర్ రెండు కోట్లు, 400 నంబరుతో తేలిగ్గా ఒక రుద్దు, వెండి రంగు మూడు పల్చటి కోట్లు, చివర్లో క్లియర్ కోటు. పొద్దున లేవగానే ట్యూబ్‌లైటు కింద పెట్టి మెల్లగా తిప్పాను. తెల్లటి మెరుపు నుదుటి మీద మొదలై, నడినెత్తి దాటి, మెడ దాకా ఎక్కడా విరక్కుండా జారింది. నాలుగైదు సార్లు తిప్పి చూసుకున్నాను. ఇక లోపల మెత్త అతికించాలి. వాసన పూర్తిగా పోయాకే తలకి పెట్టుకుంటాను.