అప్పు పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించిన మూడు నెలలు

మాది కోడుమూరులో ఎరువులు, పురుగుమందుల అంగడి. జనవరి నుంచి లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి మారుస్తున్నాం. నిన్నటితో ఆ పని కొలిక్కి వచ్చింది.

ఇంతకు ముందు ఎక్సెల్ వాడేవాళ్లం. కూడికలకు బాగుంటుంది గానీ ఒక గడిలో అంకె చెరిగిపోతే ఎవరు చెరిపారో తెలిసేది కాదు. ఫోన్‌లో పెట్టుకున్న బిల్లింగ్ యాప్‌లో బిల్లు చకచకా వచ్చేది, మందు డబ్బాల గడువు తేదీలు మాత్రం విడిగా రాసుకోవాల్సి వచ్చేది. ఈఆర్‌పీ, అంటే వ్యాపారంలోని పనులన్నీ ఒకేచోట నడిపే పెద్ద సాఫ్ట్‌వేర్, అమ్మడానికి వచ్చినాయన తయారీ, జీతాలు, గోదాములు అంటూ గంటసేపు చూపించాడు. ఇద్దరం నడిపే అంగడికి ఇదంతా ఎందుకని అడిగితే ధర తగ్గిస్తానన్నాడే గానీ జవాబు చెప్పలేదు. అలాంటివాళ్లను నమ్మకండి. చివరికి మామూలు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం.

సరుకు ఎక్కించడం రెండు రోజుల్లో అయిపోయింది. యూరియాకు 5 శాతం, రసాయన పురుగుమందులకు 18 శాతం జీఎస్టీ అని ఒక్కసారి పెడితే చాలు.

ఏడిపించింది అప్పుల ఖాతానే. మా రైతులు పంట అమ్మాకే కడతారు. నాన్న పుస్తకంలో ప్రతి పేరు పక్కన 'చెరువు కింద', 'గుడి ఎనక' అని గుర్తులుండేవి. ఒకే ఊళ్లో ఒకే పేరున్న రైతులు ఇద్దరున్నారు. సాఫ్ట్‌వేర్ ఒకే పేరుతో రెండు ఖాతాలు పెట్టనివ్వదు కాబట్టి మా కుర్రాడు రెండో ఆయన పేరు చివర 2 అని కొట్టాడు. గుర్తులు వదిలేశాడు.

ఆ ఇద్దరిలో పెద్దాయన ఆదోని యార్డులో పత్తి అమ్ముకుని 18,400 కట్టాడు. అది రెండో ఆయన ఖాతాలో పడింది. మార్చిలో పెద్దాయన వేరుశనగకు మందు కోసం వస్తే, పదిమంది ముందు కుర్రాడు బాకీ అడిగేశాడు.

"సంక్రాంతి ముందరే కట్టినా కదప్పా" అన్నాడాయన.

"కంప్యూటర్‌లో లేదు పెద్దాయనా" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

"మీ నాయన కాలం నుంచి తీసుకుంటాండా. ఒక్క రూపాయి ఎగ్గొట్టినానా?" అని, తీసుకున్న డబ్బా బల్ల మీదే పెట్టి వెళ్లిపోయాడు.

రాత్రి రసీదు పుస్తకాలన్నీ తిరగేశాను. కార్బన్ కాపీ దొరికింది. కింద సంతకం నాదే. పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను.

ఇప్పుడు ప్రతి ఖాతాలో తండ్రి పేరు, ఫోన్ నంబరు, నాన్న రాసిన గుర్తు ఉన్నాయి. మీరు మారుస్తుంటే ఒక పంటకాలం పుస్తకం, కంప్యూటర్ రెండూ నడపండి. సబ్సిడీ ఎరువులకు వేలిముద్ర వేయించే పీఓఎస్ మిషన్‌కూ మా సాఫ్ట్‌వేర్‌కూ సంబంధం లేదు, సాయంత్రం బస్తాలు చేత్తో సరిచూసుకుంటున్నాం.

పెద్దాయన నిన్న వచ్చాడు. పాత పుస్తకం తీయించి, తన పేజీలో బాకీ కొట్టేసి ఉందని కళ్లారా చూసుకున్నాకే మందు డబ్బా సంచిలో వేసుకున్నాడు.