చిన్న పడవ, క్రాపీ చేప, కొంచెం అదృష్టం

మా పడవను చూసి ఎవరూ ముచ్చటపడరు. 14 అడుగుల పాత అల్యూమినియం జాన్ బోటు. అడుగు చదును, ముందు బ్యాటరీతో తిరిగే ట్రోలింగ్ మోటారు, వెనక చిన్న పెట్రోలు ఇంజను. ఇద్దరు కూర్చుంటే హాయి, మూడో మనిషి ఎక్కితే మోకాళ్ళు తగులుకుంటాయి. డాలస్‌కి ఈశాన్యంగా, వైలీ ఊరి పక్కనున్న లవాన్ లేక్‌లో నేను క్రాపీ అనే మంచినీటి చేపను పట్టేది దీంతోనే.

లవాన్‌ను ఆర్మీ ఇంజనీర్లు 1950లలో ట్రినిటీ నది ఈస్ట్ ఫోర్క్ పాయ మీద కట్టారు. దాదాపు 21,000 ఎకరాల నీళ్ళు. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీల్లో మనవాళ్ళ కుళాయిలకు వెళ్ళే నీళ్ళలో ఇవీ ఉంటాయి. నీళ్ళు ఎప్పుడూ కాస్త మట్టిరంగే. దక్షిణం గాలి లేచిందంటే చిన్న పడవకు చుక్కలు చూపిస్తుంది. పెద్ద పడవల వాళ్ళు లైవ్‌స్కోప్ (నీళ్ళ కింద కదిలేవాటిని అప్పటికప్పుడు చూపించే ఖరీదైన సోనార్) తెర మీద ఒక్కో చేపనూ చూస్తూ, దాని ముక్కు ముందే ఎర దించుతారు. నా దగ్గరున్నది ఐదంగుళాల మామూలు సోనార్. నీళ్ళ లోతు ఎంతో, అడుగున చెట్టో కొమ్మలో ఉన్నాయో లేదో చెబుతుంది. అయినా సాయంత్రానికి కూరకి సరిపడా చేపలు ఐస్ పెట్టెలో పడుతూనే ఉంటాయి. మా బావ దాన్ని చేతి మహిమ అంటాడు. బావకి ఎన్నిసార్లు చెప్పినా వినడు గానీ, క్రాపీ విషయంలో అదృష్టం అనేదాంట్లో ముప్పావు వంతు లోతే. మిగతాది పడవ కదలకుండా ఉండటం.

క్రాపీ కళ్ళు తల మీద కాస్త పైకి ఉంటాయి. తన తలపైన ఏం ఈదుతోందో దానికి బాగా కనబడుతుంది. పైనున్న ఎర కోసం రెండు మూడు అడుగులు లేస్తుంది గానీ కిందున్న ఎర కోసం కిందికి దిగడం తక్కువ. అందుకే చేపలు పన్నెండు అడుగుల లోతులో ఉన్నాయనిపిస్తే ఎర పది అడుగుల దగ్గర ఆపాలి. పద్నాలుగు అడుగులకు దించితే, చేపల గుంపు మధ్యలోంచి ఎర కిందికి పోయి ఊరికే వేలాడుతుంది. పక్క పడవ వాళ్ళకి పడుతుంటే మనం ఎర రంగు మారుస్తూ, మిన్నోలు (ఎరగా వాడే బతికున్న చిన్న చేపలు) బాగాలేవని తిట్టుకుంటూ కూర్చుంటాం. రంగు ఆఖరున చూసుకోవచ్చు. మట్టినీళ్ళకి పచ్చా పసుపూ కలిసిన షార్ట్రూజ్ రంగు జిగ్ (సీసం తల ఉన్న గాలానికి తొడిగిన ఉత్తుత్తి ఎర) ఒకటి, తేట నీళ్ళకి తెల్లది ఒకటి ఉంటే సరిపోతుంది.

లోతు తెలుసుకోవడానికి నేను వాడేది జారే బెండు. దారం బెండు గుండా జారుతూ పోయి, మనం దారానికి వేసిన చిన్న ముడి దగ్గర ఆగుతుంది. ముడిని జరిపితే లోతు మారుతుంది. మునిగిన చెట్టు దొరికాక మొదట గాలం కర్రలన్నీ వేరువేరు లోతుల్లో వేస్తాను. ఒకటి ఆరు అడుగులు, ఒకటి ఎనిమిది, ఇంకోటి పది. ఏది ముందు కొరికించుకుంటే మిగతావన్నీ ఆ లోతుకే మార్చేస్తాను. ఒక్క చేప పడగానే సంబరపడి అదే కర్రను మళ్ళీ ఎంతో కొంత లోతులో విసిరేవాళ్ళు చాలామంది. ఆ చేప చెప్పిన సంగతి అక్కడే పోతుంది.

మా మావయ్య గారు ఆకివీడు వైపు మనిషి. కాలవ గట్టు మీద జీలుగు బెండు, వెదురు కర్రతో గాలం వేసిన చెయ్యి. అమెరికా వచ్చినప్పుడు పడవ ఎక్కించాను. మన అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చినా పదిహేడేళ్ళు నిండితే చేపలు పట్టే లైసెన్సు ఉండాల్సిందే. టెక్సస్ బయటివాళ్ళకి ఒక్కరోజు లైసెన్సు అమ్ముతారు, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. ఆయన నా కర్రలు, రీళ్ళు చూసి పెద్దగా మాట్లాడలేదు. కాసేపటికి, "అల్లుడు గారూ, బెండు పడుకుందండీ, లాగండి!" అన్నారు. బెండు మునగలేదు, నీళ్ళ మీద అడ్డంగా వాలింది. కింద నుంచి వచ్చిన చేప ఎరను నోట పట్టుకుని పైకి లేస్తే బెండును కిందికి లాగే సీసం బరువు తగ్గిపోతుంది, అందుకని అది పడుకుంటుంది. క్రాపీ ఎక్కువసార్లు ఇలాగే కొరుకుతుంది. బెండు మునిగేదాకా ఆగేవాడికి ఎర మాత్రమే పోతుంది. ఇవన్నీ ఆయనకి ఎవరూ చెప్పలేదు. కాలవలోనూ పైకి లేచే చేప ఉందట.

లాగడం కూడా మెల్లగా. క్రాపీ పెదవి తడిసిన అప్పడంలా చిరుగుతుంది. గట్టిగా గుంజితే గాలం ఊడి వచ్చేస్తుంది. కర్ర కొన పైకెత్తి, దారం వదులు కాకుండా నెమ్మదిగా చుట్టాలి. పడవలోకి ఎత్తేటప్పుడు వల తప్పనిసరి. దారంతో ఎత్తి లోపల వేద్దామనుకుంటే పడవ అంచు దగ్గరే జారిపోతుంది. ఆరు పౌండ్ల బరువు ఆపే దారం, సన్నని తీగతో చేసిన ఆబర్డీన్ గాలం నాకు ఇష్టం. గాలం చెట్టుకి తగులుకుంటే గట్టిగా లాగగానే తీగ సాగి నిటారైపోయి వచ్చేస్తుంది. పట్టకారుతో వంచి మళ్ళీ వేసుకోవచ్చు. లావు గాలం వేస్తే చెట్టునంతా కదిపి చేపల్ని చెదరగొట్టడమే.

ఇక పడవ కదలకపోవడం. చిన్న పడవతో నిజమైన తిప్పలు ఇక్కడే. గాలికి పడవ ముక్కు అటూ ఇటూ తిరుగుతుంటే బెండ్లన్నీ కొమ్మల మీదినుంచి పక్కకు పోతాయి, పది అడుగులకు వేసిన ఎర ఏటవాలుగా లాగబడి ఏడు అడుగులకు వచ్చేస్తుంది. అందుకే రెండు లంగర్లు. ముందు గాలికి ఎదురుగా వెళ్ళి ముక్కు దగ్గరది దించుతాను, తాడు వదులుతూ గాలికే వెనక్కి వస్తాను, పడవ కొమ్మలకి పక్కగా చేరాక వెనకది దించుతాను. లంగరు విసరకూడదు, చేత్తో దించాలి. ఒడ్డుకి దగ్గర్లో ఎండిన చెట్టు నీళ్ళలోంచి పైకి వచ్చి ఉంటే ఇంకా సుఖం, తాడు కట్టేస్తే చాలు. ఒక్క జాగ్రత్త: అలలు వస్తున్నప్పుడు వెనక లంగరు ఒక్కదాని మీదే పడవను నిలపకండి. వెనక అంచు తక్కువ ఎత్తు, పైగా ఇంజను బరువు అక్కడే. అల లోపలికి వచ్చేస్తుంది. పదమూడేళ్ళ లోపు పిల్లలు కదిలే పడవలో లైఫ్ జాకెట్ వేసుకోవాలని టెక్సస్ చట్టం. నా పడవలో మావయ్య గారూ వేసుకున్నారు, కాస్త గొణిగినా.

అల్యూమినియం పడవలో చప్పుడు ఇంకో సమస్య. పట్టకారు చెయ్యి జారిందంటే ఆ ఠంగు నీళ్ళలో చాలా దూరం పోతుంది. నేల మీద పాత యోగా మ్యాట్ ముక్క పరిచాను. పడవలో నాకు దీనికన్నా బాగా పనికొచ్చిన సామాను లేదు.

కాలాన్ని బట్టి లోతు మారుతుంది. మార్చి చివర, ఏప్రిల్‌లో నీళ్ళు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరికి, మూడు నాలుగు అడుగుల నీళ్ళలోకి వస్తాయి. అప్పుడు ఒడ్డు మీదినుంచి కూడా పడతాయి, పడవ అక్కర్లేదు. మే తర్వాత మునిగిన చెట్లూ వంతెన స్తంభాల దగ్గరికి వెనక్కి వెళ్తాయి. చిన్న పడవకి ఈ కాలమే బాగుంటుంది నా లెక్కన, ఎందుకంటే చేప ఒకచోట నిలుస్తుంది, మనమూ నిలవచ్చు. ఎండ భరించలేనివాళ్ళు రాత్రిపూట వంతెన కింద నీళ్ళలోకి ఆకుపచ్చ లైటు దించుతారు. లైటుకి నలుసు పురుగులు, వాటి కోసం షాడ్ చేపపిల్లలు, వాటి కోసం క్రాపీ. చెట్లు ఎక్కడున్నాయో తెలియకపోతే, టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళు చాలా లేక్‌లలో కొమ్మల గుబుర్లు ముంచి వాటి జీపీఎస్ గుర్తులు వెబ్‌సైట్లో పెడతారు. అందరూ వాటి మీదే చేరతారు కాబట్టి శనివారం పొద్దున వెళ్ళకండి.

ఎర మిన్నోలు, మన పరిగి పిల్లల సైజు. వేసవిలో బకెట్ నీళ్ళు వేడెక్కితే గంటలో తేలిపోతాయి. మూత బిగించిన గడ్డకట్టిన నీళ్ళ సీసా ఒకటి బకెట్లో వేయండి. ఐసు విడిగా వేయొద్దు, కుళాయి నీటిలోని క్లోరిన్ చంపేస్తుంది. పెదవుల గుండా గాలం గుచ్చితే ఎక్కువసేపు బతికి ఆడుతుంది.

లెక్క కూడా తెలిసుండాలి. టెక్సస్‌లో మామూలుగా మనిషికి రోజుకి 25 క్రాపీలు, తెల్ల రకం, నల్ల రకం రెండూ కలిపి. 10 అంగుళాల కన్నా చిన్నది వదిలేయాలి. కొలబద్ద పడవలోనే అతికించుకోండి. లేక్ ఫోర్క్‌కి వెళ్తే డిసెంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరుదాకా రూలు తలకిందులు: సైజు పట్టింపు లేదు, పట్టిన ప్రతి క్రాపీ ఉంచుకోవాలి. చలికాలంలో బాగా లోతు నుంచి పైకి లాగిన చేప గాలితిత్తి ఉబ్బి, వదిలినా బతకదు, అందుకని. చేపను పడవలో కోయకూడదు, ఒడ్డుకి చేరేదాకా తలా తోకా ఉండాలి. వెళ్ళేముందు పడవలోని నీళ్ళన్నీ వంపేయడం కూడా చట్టమే. 2009లో లేక్ టెక్సోమాలో జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప కనబడింది. అది పడవల్లో నిలిచిన నీళ్ళతో ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి పాకుతోంది.

వంట సంగతి అడిగేవాళ్ళకి: క్రాపీ మాంసం తెల్లగా, మెత్తగా ఉంటుంది. పులుసులో వేస్తే గరిటె తగలగానే విడిపోతుంది. మా ఆవిడ ముక్కలకి కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి, పైన బియ్యప్పిండి చల్లి వేపుడు చేస్తుంది. పులుసే కావాలంటే అదే లేక్‌లో క్యాట్‌ఫిష్ ఉంది. దానికి గాలం వేరే, లోతు వేరే.