బొద్దుగా ఉండే కూపర్ బ్లాక్ గురించి

నా సిస్టమ్‌లో వందల ఫాంట్లున్నాయి, అయినా షాపు బోర్డు పని వచ్చిందంటే నా చెయ్యి ముందు కూపర్ బ్లాక్ మీదికే పోతుంది. పేరు తెలియకపోయినా ఈ ఇంగ్లిష్ ఫాంట్‌ను మీరు చూసే ఉంటారు. ఈజీజెట్ విమానాల మీద కంపెనీ పేరు ఇందులోనే ఉంటుంది. ఎంఎస్ ఆఫీసుతో పాటు రావడం వల్ల మన డీటీపీ సెంటర్లలోనూ ఎప్పటినుంచో ఉన్నదే.

గీసినాయన ఆజ్‌వాల్డ్ కూపర్, షికాగోలో లెటరింగ్ ఆర్టిస్టు. బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే అచ్చక్షరాలు పోతపోసే కంపెనీ దీన్ని 1922లో అమ్మకానికి పెట్టింది. అంటే చూడగానే 70ల నాటి టీషర్టులు గుర్తొచ్చే ఈ అక్షరానికి ఆ టీషర్టుల రోజులకే యాభై ఏళ్లు.

ఒకసారి దీన్ని స్క్రీన్ నిండా పెద్దగా చేసి చూడండి. మామూలు సెరిఫ్ (గీతల చివర చిన్న పాదాల్లాంటివి ఉండే) అక్షరాల కొసలు కోసుగా, పదునుగా ఉంటాయి. దీనివి మాత్రం వాడి వాడి అరిగిపోయిన సబ్బుబిళ్ల అంచుల్లా గుండ్రంగా ఉంటాయి. ఇంగ్లిష్ చిన్న 'o' లోపలి ఖాళీ నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది, కుర్చీలో జారగిలబడిన మనిషిలాగా. అడుగు కూడా బల్లపరుపుగా ఉండదు కాబట్టి ఒక అక్షరం గీతకు కాస్త కిందో పైనో పడినా కంటికి తెలియదు. చేత్తో అక్షరాలు పేర్చే రోజుల్లో అదెంత సుఖమో ఆలోచించండి!

అయితే సీసపు అచ్చులో ప్రతి అక్షరం తన దిమ్మ మీద తనుంటుంది, పక్కదాన్ని ఆనుకోవాలంటే దిమ్మనే అరగదీయాలి. 60ల్లో ఫోటోటైప్‌సెట్టింగ్ (సీసం లేకుండా అక్షరాలను ఫోటోలా ఫిల్మ్ మీదికి ఎక్కించే పద్ధతి), రుద్ది అంటించే లెట్రాసెట్ అక్షరాలు వాడుకలోకి వచ్చాక ఆ అడ్డు పోయింది. 1966లో వచ్చిన అమెరికన్ బ్యాండ్ బీచ్ బాయ్స్ ఆల్బమ్ 'పెట్ సౌండ్స్' అట్ట చూడండి, పైన ఆకుపచ్చ పట్టీలో అక్షరాలు ఒకదాన్నొకటి ఎలా ఒరుసుకుని కూర్చున్నాయో. నా లెక్కలో కూపర్ బ్లాక్‌ను వాడాల్సిన పద్ధతి అదే: రెండు మూడు మాటలు, పెద్ద సైజు, అక్షరాల మధ్య ఖాళీ వీలైనంత తక్కువ.

ఇది నాకు దెబ్బ తిన్నాకే తెలిసింది. మా బంధువుల పెళ్లికి రిటర్న్ గిఫ్ట్ గుడ్డసంచులు డిజైన్ చేస్తూ, పేర్లు బాగా కుదిరాయి కదా అని కింద తేదీ, ఊరు, ఫంక్షన్ హాల్ అడ్రసు కూడా ఇదే ఫాంట్‌లో పది పాయింట్ల చిన్న సైజులో పెట్టేశాను. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగు పాకి 'e', 'a' అక్షరాల బొక్కలన్నీ పూడిపోయాయి, అడ్రసు ఉండాల్సిన చోట వరసగా మెరూన్ మచ్చలు. పెళ్లికి నాలుగు రోజులే ఉంది, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. కింది వరసలన్నీ సన్నటి, మామూలు ఫాంట్‌లోకి మార్చి మళ్లీ వేయించాం. పేర్లను మాత్రం కదపలేదు, అవి పందిరి అవతల నుంచి కూడా చక్కగా కనిపించాయి.

మన తెలుగు పక్కన ఇంగ్లిష్ వేయాల్సి వచ్చినప్పుడు కూడా నాకు ఇదే దిక్కు. బొడోని లాంటి, సన్నగీతలు వెంట్రుకల్లా ఉండే ఫాంట్ పెడితే మన గుండ్రటి అక్షరాల పక్కన అది పరాయిగా నిలబడుతుంది. తెలుగుకు రామభద్ర లాంటి లావు ఫాంట్, ఇంగ్లిష్‌కు కూపర్ బ్లాక్ పెట్టి చూడండి, రెండూ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. కాకపోతే రెండింటి సైజూ ఒకే నంబరు ఇవ్వకండి. మనకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి తెలుగును కంటికి సమానం అనిపించేదాకా పెంచుకుంటూ పోవాలి. నేను ప్రింటు తీసి గోడకు అంటించి, పది అడుగులు వెనక్కి జరిగి చూసుకుంటాను.