అమావాస్య బస్సు, విభూది బుధవారం

మా ఆఫీసులో పక్క సీటు మిత్రుడు ఏ పండుగకు పిలిచినా నేను అడిగేది ఒకటే. యాటనా, అంటే మటనా, కోడా? ఈసారి కూడా అదే అడిగాను. "యాటనే. కానీ మంగళవారం రాత్రికల్లా రావాలె. బుధవారం నుంచి బంద్" అన్నాడు. యాట అన్న మాట వినగానే తర్వాతి మాట నా చెవిన పడలేదు.

వాళ్లది నల్లగొండ దాటి కనగల్ దిక్కు ఒక ఊరు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. వాళ్లు కథోలికులు. వాళ్ల నాయన ఆ ఊరి గుడికి నలభై ఏళ్లుగా ఉపదేశి, అంటే ఫాదర్ లేనప్పుడు ప్రార్థన నడిపే మనిషి. అక్కడ చర్చి అనరు, గుడి అంటారు.

2026 ఫిబ్రవరి 17న మధ్యాహ్నం మూడింటికి ఎల్బీనగర్‌లో నిలబడ్డాను. నల్లగొండ బస్సులు వస్తున్నాయి, ఆగకుండా పోతున్నాయి. నాలుగోది ఆగింది గానీ కాలు పెట్టే జాగా లేదు. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి ఈ రూట్లో మగవాళ్లం నిలబడి పోవడానికి అలవాటు పడ్డాం. దాని మీద నాకు పేచీ ఏమీ లేదు, మా అమ్మ కూడా నెలకు రెండుసార్లు కల్వకుర్తి నుంచి అట్లాగే వస్తుంది. కానీ ఆ రోజు ఆడవాళ్లే సగం మంది నిలబడి ఉన్నారు. కండక్టర్ జీరో టికెట్లు కొట్టీ కొట్టీ చౌటుప్పల్ దాకా నా దగ్గరికే రాలేదు. వచ్చాక "గట్టుకేనా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది. అమావాస్య. బస్సు బస్సంతా చెర్వుగట్టుకు పోతోంది.

అమావాస్య రాత్రి జడల రామలింగేశ్వరుడి దగ్గర నిద్ర చేస్తే జబ్బులు పోతాయని నమ్మకం. ప్రతి అమావాస్యకూ ఈ రద్దీ ఉంటుందని నల్లగొండ రోడ్డు మీద తిరిగే ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. క్యాలెండర్ చూసుకోకపోవడం నా తప్పే, కానీ బస్సులో నిలబడినప్పుడు తప్పు ఎవరిదైనా కోపం ఒకటే. నా కుడికాలు మీద ఒక పెద్దమ్మ సంచి పెట్టింది. అందులో కొబ్బరికాయలు, చెంబు, ఒక దుప్పటి. కాలు లాక్కుంటే సంచి పడుతుంది, లాక్కోకపోతే కాలు పోతుంది.

"యాడికి బిడ్డా?" అంది.

"కనగల్ దిక్కు. రేపు చర్చిలో విభూది పెడతారట, చూద్దామని."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "విభూదికి అంత దూరం ఎందుకు? గట్టు మీద పెట్టరా? మాతోని దిగు. ఒక్క నిద్ర జేస్తె నడుంనొప్పి గూడ పోతది."

అప్పటికే నా నడుము విరిగిపోతోంది. పంతంగి టోల్‌గేటు దగ్గర ఇరవై నిమిషాలు, చిట్యాలలో పావుగంట, నార్కట్‌పల్లిలో మలుపు తిరగడానికే ఇంకో ఇరవై. నిజంగానే దిగిపోదామా అనిపించింది. నన్ను ఆపింది యాట ఒక్కటే. గట్టు స్టేజీ దగ్గర బస్సు ముప్పావు వంతు ఖాళీ అయింది. పెద్దమ్మ దిగుతూ "జాగ ఉంచుతం, రేపన్న రా" అని నవ్వింది. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. కాళ్లు చాపుకొని కునుకు తీసేలోగా నల్లగొండ వచ్చేసింది.

ఎనిమిదింబావు. ఆ ఊరి ఆఖరు బస్సు పోయింది. పగటిపూట 40 రూపాయలకు షేర్ ఆటోలో పోయే దూరానికి ఆటో అతను 450 అడిగాడు. "అమాస గద సార్" అన్నాడు. అమావాస్యకూ కనగల్ రోడ్డుకూ ఏం సంబంధం? చివరికి 350కి ఒప్పుకున్నాడు. చేరేసరికి పదింబావు. ఇంట్లో పిల్లలు పడుకున్నారు. మిత్రుడి తల్లి గిన్నె ముందర పెట్టి, "పోరగాళ్లు ఆగలే బిడ్డా" అంది. గంటెడు శోర్వ, రెండు బొక్కలు. మిత్రుడు గోడ గడియారం చూపించి, "పన్నెండు లోపల తినెయ్, తర్వాత నీకు గూడ దొరకదు" అన్నాడు.

బంద్ అంటే ఏమిటో తెల్లారి అర్థమైంది. విభూది బుధవారం వాళ్లకు తపస్సు కాలానికి మొదటి రోజు. పాస్క, అంటే ఈస్టర్ పండుగకు ముందు నలభై రోజులు. ఆ రోజూ, పెద్ద శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడూ ఒక్కపొద్దు, నీసు ముట్టరు. 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు ఒక్కపొద్దు తప్పనిసరి, 14 దాటినవాళ్లు మాంసం మానాలి. ఇదంతా పెద్దాయన మంచం మీద కూర్చొని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. ఆయనకు డెబ్బై దాటాయి. "రూలు ప్రకారం నేను తినొచ్చు. తిన" అన్నాడు. నాకు మాత్రం చాయ్, ఉప్మా వచ్చాయి. ముగ్గురు ఉపవాసం ఉన్న ఇంట్లో ఒక్కడినే కూర్చొని ఉప్మా తినడం ఎంత కష్టమో అనుభవిస్తేగానీ తెలియదు.

గుడి ఇంటి వెనకే. పైన రేకులు, ముందర సిమెంటు సిలువ, గంట ఉండాల్సిన చోట వేలాడదీసిన రైలుపట్టా ముక్క. మా ఊరి బడిలో కూడా అదే ఉండేది, అదే మోత. ఫాదర్ ఇక్కడ ఉండరు. విచారణ గుడి, అంటే ఆయన ఉండే పెద్ద గుడి, పక్క మండలంలో ఉంది, దాని కింద పదకొండు ఊళ్లు. ఈ ఊరికి పూజ నెలకు రెండుసార్లే. మిగతా ఆదివారాలు పెద్దాయనే వాక్యం చదివి, ప్రార్థన చెప్పిస్తాడు. ఆయన చిన్నప్పుడు ఇటలీ ఫాదర్ సైకిల్ మీద వచ్చేవాడట. 1976లో నల్లగొండ మేత్రాసనం, అంటే బిషప్ పీఠం, కాకముందు ఇదంతా వరంగల్ కింద ఉండేది.

పది గంటలకు విభూది తయారీ మొదలైంది. నేను వచ్చింది ఇది చూడటానికే అని తర్వాత అనిపించింది గానీ, అప్పుడు మాత్రం ఆకలి మీద ఉన్నాను, ఉప్మా తిన్నా సరే. పోయిన ఏడాది మట్టల ఆదివారం, అంటే ఈస్టర్‌కు ముందటి ఆదివారం నాడు ఊరేగింపులో పట్టుకున్న ఈత మట్టలను ఎవరూ పారేయరు. ఆకులతో చిన్న చిన్న సిలువలు అల్లి దర్వాజా మీద, ఫోటోల వెనక, కొందరైతే చేలో మోటారు డబ్బాకు కూడా చెక్కుతారు. ఏడాదంతా ఎండి, పొగచూరి, బల్లులు తిరిగి, బెల్లం రంగుకు వస్తాయి. అవే ఈ రోజు కాల్చి బూడిద చేస్తారు. నాకు విభూది అంటే పిడకలు, తెల్లగా, మెత్తగా, డబ్బాలో. మూడు రోజుల కింద శివరాత్రికి మా ఇంట్లో పెట్టుకున్నది అదే. ఇక్కడ ఇనుప మూకుట్లో మట్టలు వేసి అంటిస్తే చిటపటలాడుతూ రెండు నిమిషాల్లో అయిపోయాయి. అన్ని మట్టలకు వచ్చింది చాయ్ గ్లాసులో సగం. నల్లటి బూడిద. పెద్దాయన దాన్ని రోట్లో మెత్తగా నూరి, చాయ్ జాలితో జల్లించాడు. ఆ జాలి తర్వాత మళ్లీ వంటింట్లోకి పోయిందా లేదా అని నేను అడగలేదు.

అందరూ ఆదివారమే మట్టలు తెచ్చి ఇచ్చారు. ఒకామె మాత్రం మూకుడు చల్లారబోయే వేళకు వచ్చింది. కొంగు ముడి విప్పి ఒక సిలువ తీసింది. అల్లిక చాలా సన్నంగా ఉంది, మిగతా వాటిలా పిల్లల పని కాదు. ఆమె పెనిమిటి అల్లాడట, పోయిన మట్టల ఆదివారం. వానాకాలంలో పోయాడు. పెద్దాయన చెయ్యి చాపలేదు. "ఉంచుకో చెల్లె, ఒక్కటి కాకుంటె ఏం గాదు" అన్నాడు. ఆమె కాసేపు నిలబడి, సిలువ అడ్డంపుల్ల విరిచి మూకుట్లో వేసి, నిలువుపుల్ల మళ్లీ కొంగున కట్టుకొని పోయింది.

ఆ తర్వాత నీడలో కూర్చున్నాం. నా కోపం ఇంకా బస్సు మీదే ఉంది కాబట్టి ఆ కథే ఎత్తుకున్నాను. పెద్దాయన మొత్తం విని, "అమాస వల్లనే నువ్వు నిలవడ్డవు, అమాస వల్లనే ఈ పండుగ ఇయ్యాల వచ్చింది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. లోపలి నుంచి గంటల పంచాంగం క్యాలెండర్ తెచ్చాడు, గుడి క్యాలెండర్ పక్కన పెట్టాడు. పాస్క లెక్క చంద్రుడిదట. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి, ఆ పున్నమి తర్వాతి ఆదివారం. ఈ ఏడాది అది ఏప్రిల్ 5. మనకు ఉగాది తర్వాతి పున్నమి. అక్కడి నుంచి 46 రోజులు వెనక్కు లెక్కపెడితే విభూది బుధవారం. ఆదివారాలు ఆరు తీసేస్తే నలభై. పున్నమి నుంచి అన్ని రోజులు వెనక్కు పోతే అమావాస్య దగ్గర పడక ఎక్కడ పడుతుంది? "అందుకే కొన్నేండ్లు శివరాత్రి, మాది ఒకే వారంల వస్తయి. అన్ని ఏండ్లు గాదు. 2024ల ఉగాది రాకముందే పాస్క అయిపాయె."

అంటే నా కాలు తొక్కిన సంచినీ, నా యాటనూ, ఈ చాయ్ గ్లాసు బూడిదనూ ఒకటే అమావాస్య తెచ్చిందన్నమాట. ఇంత వయసొచ్చినా నాకీ సంగతి తెలియదు. ఈస్టర్ ఏటా తేదీ ఎందుకు మారుతుందో ఆఫీసు సెలవుల జాబితా చూసినప్పుడల్లా విసుక్కోవడమే తప్ప ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం బలిపీఠం గుడ్డ మార్చేటప్పుడు ట్రంకు పెట్టె తెరిచారు. నాలుగు రంగులు. ఇప్పుడు ఊదా. పాస్కకు, క్రిస్మస్‌కు తెలుపు. మట్టల ఆదివారానికి, పెద్ద శుక్రవారానికి ఎరుపు. అది ఏడాదిలో నాలుగైదు రోజులు మించి బయటికి రాదు కాబట్టి కొత్త చీరలా మెరుస్తోంది. ఆకుపచ్చది మాత్రం కిటికీ వైపు అంచంతా వెలిసిపోయి గోధుమరంగుకు తిరిగింది. ఎక్కువ కాలం పరిచేది మే, జూన్ నుంచి నవంబర్ చివరి దాకానట. పత్తి గింజ పెట్టేటప్పటి నుంచి రెండో ఏరుడు దాకా. "పైరు పచ్చగ ఉన్నన్ని దినాలు పీఠం గూడ పచ్చగనే" అన్నాడు పెద్దాయన. కలుపు, మందు కొట్టుడు, ఏరుడు నడుస్తుంటే ఆ ఆదివారాల్లో గుడికి వచ్చేది పదిమందేనట. మధ్యలో ఆగస్టు 15న మాత్రం పొద్దున జెండా, రాత్రి మరియమాత మోక్షారోపణ పండుగకు తేరు. నవంబర్ 2న సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పెద్దలకు పెట్టే మా పెత్రమాస లాంటిదే, కాకపోతే మేం ఇంట్లో పెడతాం, వాళ్లు సమాధి దగ్గరికి పోతారు. క్రిస్మస్ పత్తి పైసల మీద ఆధారపడి ఉంటుంది. ధర పడిపోయిన ఏడు, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మకు పాత లైట్లే.

ఫాదర్ ఆరున్నరకు వస్తానన్నారు. ఏడున్నర అయినా లేరు. ఆ రోజు ఆయనకు ఇది నాలుగో ఊరు. ఒక్కపొద్దు ఉన్నవాళ్లంతా చాపల మీద కూర్చొని డోలక్ పెట్టి పాడుతున్నారు, పిల్లలు నిద్రపోతున్నారు. ఎనిమిదింటికి ఫోన్ వచ్చింది, బత్తాయి తోటల దగ్గర బండి పంక్చర్ అని. మిత్రుడు ఇంకో బండి తీసుకొని పోయాడు. ఆ ఎదురుచూపులో నాకు తెలిసిన కొత్త సంగతి ఒక్కటే. ఈ నలభై రోజులు వాళ్లు అల్లెలూయ అనరు. ఒక పిల్లవాడు అలవాటుకొద్దీ పాట మధ్యలో అనేశాడు. పెద్దాయన చూసిన చూపుకు డోలక్ కూడా ఆగిపోయింది.

ఫాదర్ వచ్చేసరికి ఎనిమిదీ నలభై. ప్రసంగం ఐదు నిమిషాల్లో ముగించారు, అందుకు నేను మనసులో దండం పెట్టుకున్నాను. విభూదికి వరుస కట్టారు. నేను వెనక నిలబడితే పెద్దాయన భుజం తట్టి, "ఇది సత్ప్రసాదం గాదు, ఎవ్వలకైన పెడ్తరు, పో" అన్నాడు. పోయాను. ఫాదర్ బొటనవేలు ముంచి నుదుట అడ్డం, నిలువు గీశారు. మట్టిలోంచి వచ్చావు, మట్టిలోకే పోతావని చెప్పారు. వేలు గరుకుగా ఉంది. ఒక రవ్వ నా ముక్కు మీద రాలింది, తుడుచుకోలేదు. నా ముందు నిలబడింది పొద్దున వచ్చిన ఆమే. కొంగు ముడి అట్లాగే ఉంది.

రాత్రి పదింటికి పప్పు, అన్నం, పచ్చి పులుసు. ఆ ఊళ్లో నేను తిన్న అసలు భోజనం అదే.

గురువారం పొద్దున బస్సు కోసం స్టేజీ దగ్గర నిలబడితే పెద్దాయన కూడా వచ్చాడు. మిగిలిన బూడిదను అప్పుడే గుడి వెనక బత్తాయి చెట్టు మొదట్లో పూడ్చి వచ్చాడు, చేతులకు ఇంకా నలుపు ఉంది. కల్లు ముంతలు కట్టుకొని సైకిల్ మీద ఒక గౌడన్న పోతూ ఆగాడు. మట్టలు ఏటా ఆయనే కొట్టిస్తాడట, పైసలు తీసుకోడు.

"ఈసారి ఎప్పుడే మీ మట్టలది?"

"మార్చి 29."

"ఎన్ని గావాలె?"

"పోయినేటి లెక్కనే. ఒక నాలుగు ఎక్కువెయ్యి, పట్నం నుంచి వస్తరు" అని నా దిక్కు చూశాడు.

ఆదివారం రోజు ఒక్కపొద్దు లెక్కలోకి రాదు కదా, కూర ఉంటుందా అని అడిగాను. ఉంటది అన్నాడు. బస్సు వచ్చింది. ఎక్కేముందు ఫోన్ తీసి మార్చి 29 ఏ తిథో చూశాను. ఏకాదశి. గట్టు రద్దీ ఉండదు.