పంటు దాటి వెళ్ళి విన్న పాటలు

మొదటిసారి ఒక బ్యాండు కచేరీ వినడానికి బెంగుళూరు వెళ్తున్నానని చెప్పినప్పుడు మా మామ్మ అడిగిన ప్రశ్న ఒకటే: "బెంగుళూరులో ఎవరి పెళ్ళిరా?" ఆమె తప్పేమీ లేదు. ముక్తేశ్వరం చుట్టుపక్కల బ్యాండు అంటే రంగు కోట్లు తొడుక్కుని, పెళ్ళికొడుకు కారు ముందు బాకాలు ఊదుతూ నడిచే బ్యాండు మేళమే. సినిమాలతో పని లేకుండా, సొంతంగా పాటలు కట్టుకుని, నలుగురైదుగురు కలిసి గిటార్లూ డ్రమ్ములూ వాయిస్తూ పాడుకునేవాళ్ళను కూడా ఆ మాటతోనే పిలుస్తారని ఆమెకు వివరించేసరికి కోటిపల్లి పంటుకు, అంటే రేవు దాటించే పెద్ద పడవకు, వేళయింది. గౌతమి దాటి, కాకినాడ చేరి, శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు సాయంత్రం నేను విన్నది అగం బృందాన్ని.

2012లో తొలి ఆల్బం తెచ్చిన ఈ బెంగుళూరు బృందం కర్ణాటక కీర్తనలను రాక్ వాద్యాలతో కలిపి పాడుతుంది. ఇలాంటి కలగలుపులు చాలావరకు నాకు నచ్చవు; కీర్తన ఒక పక్కా డ్రమ్ములు మరో పక్కా, ఒకే ఇంట్లో వేరు పొయ్యిలు పెట్టుకున్న అన్నదమ్ముల్లా ఉంటాయి. వీళ్ళ దగ్గర అలా అనిపించలేదు. హంసనాదం రాగంలో "బంటురీతి కొలువు" ఎత్తుకున్నప్పుడు, గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్ రాగం ఎటు తిప్పితే గిటారు అటే తిరిగింది, స్వరాలు పెరుగుతున్నకొద్దీ డ్రమ్ముల జోరూ పెరిగింది. పాడుతున్నవాడు మలయాళి, కీర్తన కట్టినవాడు కావేరి ఒడ్డున తిరువైయారులో జీవించిన తెలుగువాడు, వింటున్నవాళ్ళలో ఎక్కువమంది కన్నడిగులు. అంత గుంపులో, గోదావరి ఒడ్డు నుంచి వెళ్ళిన నాకు ఆ సాహిత్యం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకుండానే అర్థమవుతోంది. రాముని కొలువులో తనకొక బంటు ఉద్యోగం ఇమ్మని అడుగుతూ, రోమాంచమే తన కవచమనీ, రామభక్తుడన్నదే తన బిళ్ళ అనీ, రామనామమే తన ఖడ్గమనీ త్యాగరాజు చెప్పుకుంటాడు. ఆఫీసుల్లో బిళ్ళ బంట్రోతును చూసి పెరిగినవాళ్ళకు ఆ బిళ్ళ సంగతి వేరే చెప్పాలా? మా అక్క సంగీతం నేర్చుకునే రోజుల్లో ఈ కీర్తనను వందసార్లు విన్నాను గానీ, రోమాంచం కవచం ఎలా అవుతుందో నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్న ఆ సాయంత్రమే తెలిసింది. పక్కనున్న కన్నడ కుర్రవాడు అర్థం అడిగితే, ఆ హోరులో అతని చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాను. ఎంత వినపడిందో తెలియదు గానీ "రోమాంచ" అన్న మాటకు మాత్రం గట్టిగా తల ఊపాడు.

ఆ తరువాత హైదరాబాదులో ఇండియన్ ఓషన్‌ను విన్నాను. 1990లో ఢిల్లీలో మొదలైన ఈ బృందం నాకు అన్నిటికంటే ఇష్టం. వీళ్ళు 2000లో తెచ్చిన "కందీస" ఆల్బంలో, కేరళలోని సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన ఒకటీ, నర్మదానది మీద పాట ఒకటీ పక్కపక్కనే ఇమిడిపోతాయి. నర్మదకు రేవా అని మరో పేరు. బాస్ గిటారు వాయించే రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో పనిచేసినవాడు. "మా రేవా" అంటూ అతను గొంతెత్తినప్పుడు, రేవు అన్న మాటతోనే తెల్లవారే మా ఊళ్ళవాళ్ళకు అది పరాయి నది పాటగా వినిపించదు. పైగా బాస్ గిటారు దెబ్బ ఫోనులో విన్నప్పుడు ఎక్కడుందో కూడా తెలియదు. ఎదురుగా నిలబడితే అది చెవులకు కాక నేరుగా రొమ్ముకు తగులుతుంది. జాతరలో అమ్మవారి గరగ కుండలు తలకెత్తినప్పుడు డప్పుల మోత కడుపులో మోగినట్టే ఉంటుంది. తబలా వాయిస్తూనే పాడే అషీమ్ చక్రవర్తి 2009 డిసెంబరులో మరణించారు. ఆయనను ప్రత్యక్షంగా వినలేకపోయానన్న వెలితి నాకు ఎప్పటికీ ఉంటుంది. ఇప్పుడు తబలా ఒకరు వాయిస్తారు, పాట మరొకరు పాడతారు. బాగానే ఉంటుంది, కానీ పాత రికార్డులో ఆ రెండూ ఒకే మనిషి ఊపిరిలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి.

తెలుగులో అయితే చౌరస్తా బృందం. జమైకా నుంచి వచ్చిన రెగే పద్ధతిలో, దెబ్బకూ దెబ్బకూ నడుమ ఖాళీలో గిటారును తెంపి తెంపి మీటుతూ, మన పల్లె మాటలు పాడతారు. నగరంలో చిక్కుకున్నవాడు ఊరెళ్ళిపోతానని మామతో చెప్పుకునే వాళ్ళ పాట, పండుగకు ఊరొచ్చి కనుమ మర్నాడు తిరుగు బస్సెక్కే ప్రతి కోనసీమ కుర్రవాడి ఫోనులోనూ ఉండేది. ఆ గొంతు రామ్ మిరియాలది. తరువాత ఆయన సినిమా పాటలకు వెళ్ళిపోయారు. సంతోషమే, కానీ మన దగ్గర కొత్త గొంతు ఎక్కడ వినిపించినా సినిమా వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతుందన్న చిన్న బాధ కూడా ఉంది. కొచ్చిలో తైక్కూడం అనే చోట ఉన్న వంతెన పేరునే తమకు పెట్టుకున్న బృందం తైక్కూడం బ్రిడ్జ్‌ను చూసినప్పుడల్లా, "చించినాడ వంతెన" అన్న పేరుతో మనవాళ్ళొక బృందం ఎందుకు పెట్టరా అనుకుంటాను.

మా వైపు అలాంటి ప్రయత్నం ఒక్కసారి చూశాను. దగ్గరలోని ఒక పట్టణంలో ఉత్సవాలకు నలుగురు కుర్రాళ్ళ బృందాన్ని పిలిచారు. సౌండు బాధ్యత షామియానా సరఫరా చేసినవారికే అప్పగించారు. వారికి హరికథకూ ఆర్కెస్ట్రాకూ మైకులు పెట్టడం తెలుసు గానీ, డ్రమ్ములకు విడివిడిగా మైకులు కావాలని ఎవరూ చెప్పలేదు. గిటారు గోలలో మాట వినపడలేదు, రెండో పాట మధ్యలో కరెంటు పోయింది, జనరేటరు అందుకునేలోగా వెనక బెంచీల నుంచి "సినిమా పాట కొట్టండి!" అని కేకలు మొదలయ్యాయి. వాళ్ళు కొట్టారు కూడా. ఈలలు కూడా పడ్డాయి. జనాన్ని తప్పుపట్టలేను, రాత్రంతా చాప మీద కూర్చుని వినేవాళ్ళే వాళ్ళంతా. కానీ మాట తెలియని పాటను ఎవరు మాత్రం ఎంతసేపు వింటారు?

మా వైపు నుంచి కచేరీకి వెళ్ళేవాళ్ళు వేదిక ముందుకు తోసుకుపోవద్దు. శబ్దాలను సర్దే మిక్సరు బల్ల సాధారణంగా గుంపు మధ్యలో ఉంటుంది; దాని పక్కన నిలబడితే ఆ పనివాడు వింటున్నదే మనమూ వింటాము. చెవుల్లో ఇయర్ ప్లగ్గులు పెట్టుకోవడం నామోషీ కాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ రాత్రికే తిరుగు ప్రయాణం టికెట్టు కొనకండి. ఇండియన్ ఓషన్ కచేరీ నుంచి అమలాపురం బస్సు కోసం నేను చివరి పాటకు ముందే బయటపడ్డాను. ఆటోవాడు బేరమాడుతున్నంతసేపూ గోడ అవతల నుంచి ఆ పాట వినిపిస్తూనే ఉంది; బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది.