ఒంటె మీద వేసిన మూట

"నీ భారము యెహోవామీద మోపుము, ఆయనే నిన్ను ఆదుకొనును." 55వ కీర్తన, 22వ వచనం. కొత్త సంవత్సరం ఆరాధనలో వాగ్దానంగా ఈ మాట వస్తే చాలామందికి ప్రాణం కుదుటపడుతుంది.

మనం ‘భారము’ అని చదివే చోట హెబ్రీలో ఉన్నది ‘యెహావ్’. పాత నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటే వస్తుంది. పోల్చి చూద్దామంటే ఇంకో వాక్యం లేదు. యూదు ధర్మశాస్త్ర పండితులైన రబ్బీలకే అది అంతుబట్టలేదు. ఆ సంగతి దాచుకోకుండా, తమ చర్చల గ్రంథమైన తల్ముదులోనే రాసుకున్నారు, అది నాకు భలే నచ్చింది.

అలాంటి మాటలు మరికొన్ని ఉన్నాయి. వాటిని విప్పింది రబ్బీ యెహూదా హనాసీ ఇంటి పనిమనిషి. ఈయన క్రీ.శ. 200 ప్రాంతంలో యూదుల మౌఖిక ధర్మశాస్త్రమైన మిష్నాను కూర్చిన మహాపండితుడు. రబ్బీలు ఒకేసారి కాకుండా ఆగి ఆగి లోపలికి వస్తుంటే, "ఎంతసేపు ఇలా సేరుగీన్ సేరుగీన్‌గా వస్తారు?" అందామె. విడతలు విడతలుగా అని వాళ్లకు అప్పుడు తెలిసింది. ఒకతను పావిలికూర, అదే మన తెలంగాణ గంగవాయిలి, కింద చల్లుకుంటూ పోతుంటే ఆమె వేసిన కేకతో దాని పాత పేరు ‘హలోగ్లోగోత్’ తెలిసింది. యెషయా 14:23లోని చీపురు సంగతీ అంతే. ఇల్లు ఊడవమని తోటి ఆమెకు చెబుతుంటే విని నేర్చుకున్నారు. అంత చదివినవాళ్లు చీపురు ఎన్నడూ పట్టలేదేమో మరి!

‘యెహావ్’ మాత్రం దారిలో దొరికింది. రబ్బా బర్ బర్ హన్నా అనే పండితుడు బరువు మోసుకుంటూ ఒక అరబ్బు వర్తకుడితో కలిసి నడుస్తున్నాడు. "నీ యెహావ్ తీసి నా ఒంటె మీద పడెయ్" అన్నాడు ఆ వర్తకుడు. అంతే, కీర్తనలోని మాట తేలిపోయింది.

పాత గ్రీకు అనువాదంలో ఇక్కడ ‘చింత’ అని ఉంది. "మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి" అని పేతురు రాసినప్పుడు వినిపించేది అదే. నాకైతే మూటే బాగుంది. మన ‘మోపుము’ వింటే కట్టెలమోపు, గడ్డిమోపు కళ్లముందుకొస్తాయి.

ఇదే కీర్తనలో పైన, గువ్వలా రెక్కలుంటే ఎగిరిపోయేవాణ్ణి అంటాడు భక్తుడు. రెక్కలు రాలేదు. ఆ వర్తకుడు కూడా మూటను ఇక్కడే వదిలెయ్ అనలేదు. మూటా వస్తుంది, దారీ అదే, నడక ఇంకా మిగిలే ఉంది. వచనంలోనూ ‘నీ భారమును’ ఆదుకొనును అని లేదు. ‘నిన్ను’ అని ఉంది.