పది గంటలకు వెనక్కి తిరిగాం

సంచికకు ఏదైనా రాసివ్వమని మన బ్యాచ్ వాళ్లు అడగ్గానే ఆ ట్రెక్ గురించే రాయాలనుకున్నాను. అప్పుడు కలిసి నడిచిన పద్నాలుగు మందిలో చాలామంది ఇది చదువుతారు. ఇన్నేళ్లూ వాళ్లకు చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉండిపోయింది.

అప్పుడు మనం సెకండియర్. ట్రెకింగ్ క్లబ్ తరఫున ఆరు రోజుల నడక. వెంట ఫిజిక్స్ సార్, దారి చూపే మనిషి ఒకరు. నాలుగో రోజు నాలుగు వేల మీటర్ల పైన ఉన్న కనుమ దాటి అవతలి లోయలోకి దిగాలి. అసలు అందరం వచ్చింది ఆ కనుమ కోసమే. మొదటి మూడు రోజులు నడిచాం, కాళ్లు బొబ్బలెక్కాయి, రాత్రుళ్లు పాటలు పాడుకున్నాం. అంతకంటే చెప్పుకోవాల్సింది లేదు.

మూడో రోజు రాత్రి చంద్రుడి చుట్టూ గుడి కట్టింది. చాలా పెద్ద గుడి. "దూరపు గుడి దగ్గర వాన అంటారు కదా సార్" అని మనలో ఎవరో అన్నారు. సార్ తల పైకెత్తి చాలాసేపు చూశారు. బాగా ఎత్తులో పల్చటి మేఘం పరుచుకుంటే, అందులోని మంచు స్ఫటికాలు వెలుగును వంచడం వల్ల అలా కనిపిస్తుందనీ, తుఫాను మేఘాలకు చాలాసార్లు ముందుగా వచ్చేది ఆ మేఘమేననీ చెప్పారు. సామెత చెప్పిన వాళ్లు పిచ్చివాళ్లు కాదన్నారు.

తెల్లవారుజామున మూడున్నరకు ఆయన నన్ను లేపి తన ఆల్టీమీటరు చేతిలో పెట్టారు. అరచేతిలో ఇమిడేంత గుండ్రటి పరికరం, గాజు మీద ఒక గీత పడి ఉండేది. రాత్రి పడుకునేటప్పుడు ముల్లు 3,790 మీటర్ల దగ్గర ఉందని నోట్‌బుక్‌లో రాసింది నేనే. ఇప్పుడది 3,850 చూపిస్తోంది. "మనం నిద్రపోతుంటే గుడారం అరవై మీటర్లు కొండెక్కింది, చూశావా" అన్నారు. ఆల్టీమీటరు నిజానికి కొలిచేది గాలి పీడనాన్ని. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గుతుంది కాబట్టి, ఆ తగ్గుదలనే ఎత్తుగా చూపిస్తుంది. ఉన్నచోటనే ఉన్నా ఎత్తు పెరిగిందంటే బయట పీడనం పడిపోయిందని అర్థం. ఆ అరవై మీటర్లు సుమారు 5 మిల్లీబార్ల పీడనం తగ్గడంతో సమానం. క్లాసులో మార్కుల కోసం చదివిన పాఠం టార్చి వెలుగులో అలా కనిపించేసరికి నాకు ఒళ్లు జలదరించింది. అయినా భయం వేయలేదు. పైన చుక్కలు కనిపిస్తూనే ఉన్నాయి.

సార్, దారి చూపే మనిషి పక్కకెళ్లి మాట్లాడుకుని వచ్చారు. బయల్దేరదాం, కానీ పది గంటలకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి, అన్నారు సార్. అందరం సరేనన్నాం. ఊపిరి సరిగా ఆడుతూ, కాళ్లలో సత్తువ ఉన్నప్పుడు ఏ షరతుకైనా సరేనంటాం.

దారిలో మెత్తటి మంచు తగిలి బాగా ఆలస్యమైంది. పదయ్యేసరికి కనుమ ఎదురుగా కనిపిస్తోంది. మహా అయితే ముప్పావు గంట నడక. మా నెత్తిన ఆకాశం నీలంగానే ఉంది. సార్ ఆగిపోయి వాచీ చూసుకున్నారు. కాసేపు అలాగే నిలబడి, "వెనక్కి" అన్నారు.

అందరికంటే ఎక్కువ వాదించింది నేను. ముప్పావు గంటే కదా సార్, ఎండ కాస్తోంది కదా సార్, ఇంత దూరం వచ్చాం కదా సార్. ఆయన కోప్పడలేదు. "ఎక్కడానికి ముప్పావు గంట సరే, అవతల ఆసరా దొరికేదాకా దిగడానికి ఎంత? ఆ దారి మనలో ఎంతమంది చూశారు? వచ్చిన దారి మనకు తెలుసు" అన్నారు. నేను మొహం మాడ్చుకుని తిరిగాను. దారంతా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

గంట గడిచిందో లేదో, మేం దాటాలనుకున్న కనుమ కనిపించకుండా పోయింది. మేఘం దాని అవతలి నుంచి పొంగిన పాలలా ఇవతలికి దిగింది. అప్పుడు మేం ఒక బోడి గట్టు మీద ఉన్నాం. నా చేతికర్రకున్న ఇనుప మొన తేనెటీగలా జుమ్మని మోగడం మొదలుపెట్టింది. ముందు నడుస్తున్న అమ్మాయి జుట్టు టోపీ అంచుల్లోంచి నిటారుగా లేచింది. సార్ అంత గట్టిగా అరవడం అప్పుడే విన్నాను. "కర్రలు పారేయండి! గట్టు దిగండి! గుంపుగా ఉండొద్దు!" ఒకరికొకరం పదిహేను, ఇరవై మీటర్ల దూరంలో, రక్‌సాక్ మీద పాదాలు దగ్గరగా పెట్టుకుని గొంతుక్కూర్చున్నాం. పడుకోవద్దన్నారు. పిడుగు పక్కన పడ్డా కరెంటు నేలలో పాకుతుంది, ఒంటికి నేల ఎంత తక్కువ తగిలితే అంత మంచిది. మెరిసినప్పటి నుంచి ఉరిమేదాకా లెక్కపెట్టుకున్నాం. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ఒకసారి నేను ఒకటి అనేలోపే ఉరిమింది.

ఆ తర్వాత వడగళ్లు, వాటి వెనకే మంచు. ఎదుటి మనిషి కనిపించలేదు. నేల ఏదో ఆకాశం ఏదో తెలియని తెలుపు. తాడు పట్టుకుని ఒకరి వెనక ఒకరం గట్టు చాటుకు దిగాం. మంచు జారిపడే వాలుకూ, నీళ్లు దిగే వాగుకూ దూరంగా ఉన్న చదును వెతికి టెంట్లు వేయించారు సార్.

అప్పటికే నా టెంట్ పార్టనర్ నూలు చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. తడి బట్ట ఒంట్లోని వేడిని ఎంత త్వరగా లాగేస్తుందో అప్పుడు కళ్లారా చూశాను. గంటసేపు వాడి పళ్లు టకటకలాడాయి. తర్వాత వణుకు ఆగిపోయింది. హమ్మయ్య, తేరుకున్నాడనుకున్నాను. జాకెట్ జిప్ మాత్రం పట్టుకోలేకపోతున్నాడు. వేళ్లు దాని పక్కనే గాలిలో తడుముతున్నాయి. ముద్దముద్దగా "నాకు చలి లేదురా, ఇది తీసెయ్యి" అంటున్నాడు. సార్‌ని పిలిచాను. ఆయన వస్తూనే, "వణుకు ఆగిందంటే ఒళ్లు ఓడిపోతోందని అర్థం" అన్నారు. శరీర ఉష్ణోగ్రత 32 డిగ్రీల దాకా పడిపోతే వణికే శక్తి కూడా పోతుంది, మనిషి బట్టలు విప్పేసుకోవడం కూడా జరుగుతుంది. తడి బట్టలన్నీ తీసేసి, పొడి ఉన్ని బట్టలు తొడిగి, స్లీపింగ్ బ్యాగ్‌లోకి దూర్చి, ఇద్దరం చెరోవైపు ఆనుకుని పడుకున్నాం. చేతులూ కాళ్లూ రుద్దనివ్వలేదు. మింగగలుగుతున్నాడని నమ్మకం కుదిరాక గోరువెచ్చటి తీపి నీళ్లు గుక్కగుక్కగా పట్టించారు. చాలాసేపటికి వాడు మళ్లీ వణకడం మొదలుపెట్టాడు. ఒక మనిషి వణుకుతుంటే అంత సంతోషం వేస్తుందని నాకు అంతకుముందు తెలీదు.

రాత్రి పడుకునే ముందు సార్ ప్రతి టెంట్ దగ్గరికీ వచ్చి రెండు మాటలు చెప్పి వెళ్లారు. లోపల స్టవ్ వెలిగించొద్దు, దాన్నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు. గంటకోసారి లోపలి నుంచి గుడ్డను కొట్టి మంచు దులపాలి, లేకపోతే బరువుకు టెంట్ కూలుతుంది, గాలి కూడా ఆడదు. ప్రతి గంటకూ తన టెంట్‌లోంచి హాజరు పిలిచారు. "ఒకటి." "ప్రెజెంట్ సార్." "రెండు." గాలి హోరులో ఒక్కో గొంతూ ఒక్కో దిక్కు నుంచి సన్నగా వచ్చేది. నాది తొమ్మిది.

నేను చెప్పని సంగతి ఇదే. రాత్రి రెండు గంటల హాజరుకి నేను మెలకువగానే ఉన్నాను. తొమ్మిది అన్న పిలుపు విన్నాను. పొద్దుటి కోపం ఇంకా పోలేదు. జవాబివ్వలేదు. మళ్లీ పిలిచారు. మూడోసారి పిలిచారు. కాసేపటికి మా టెంట్ జిప్ తెరుచుకుంది. సార్ కనుబొమల మీద మంచు పేరుకుపోయి ఉంది. గ్లోవ్ తీసి నా నుదుటి మీద చెయ్యి పెట్టారు. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. ఆ చేతి చల్లదనం ఇప్పటికీ నుదుటి మీద ఉంది. ఊపిరి చూసుకుని, జిప్ పైదాకా లాగి వెళ్లిపోయారు. ఆ మంచులో ఆయన దారి తప్పి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

తెల్లారాక మూడడుగుల మంచులో కిందికి దిగాం. అందరం దిగాం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. రెండు రోజులకు దాని శేషమే వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉత్తరాన, నేపాల్ కొండల్లో మంచు తుఫానైంది. అన్నపూర్ణ, ధౌలగిరి పర్వతాల పరిసరాల్లో నలభై మందికి పైగా చనిపోయారు. అన్నపూర్ణ చుట్టూ నడిచే దారిలో, 5,416 మీటర్ల ఎత్తున్న తోరంగ్ లా కనుమ దాటుతూ చిక్కుకుపోయిన వాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఆ వార్త చదివి పేపరు పక్కన పెట్టలేకపోయాను. సార్ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. పేరు చెబితే వెంటనే గుర్తుపట్టలేదు. తొమ్మిదో నంబరు సార్, అన్నాను. గుర్తుపట్టారు.

ఆ రాత్రి సంగతి చెప్పి క్షమించమన్నాను. "నీ కనురెప్పలు కదులుతూనే ఉన్నాయిలే" అన్నారు. ఆయనకప్పుడే తెలుసు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనే అడిగారు, "పది గంటలకు వాచీ చూసి కాసేపు నిలబడిపోయాను, గుర్తుందా?"

గుర్తుంది సార్, అన్నాను.

"వెళ్లిపోదాం అనుకున్నానురా. మీకంటే నాకే ఎక్కువ ఆశగా ఉండింది. ఆ కనుమ అవతల ఎలా ఉంటుందో నేనూ ఎప్పుడూ చూడలేదు."